ఖైర్‌పూర్‌లో నడక

లోధీ గార్డెన్‌కి ఉన్న గేట్లలో ఒకటి మిగతావాటిలా ఉండదు. పాత రాతి గేటు. దాని మీద ఇంగ్లిష్‌లో 'ద లేడీ విల్లింగ్డన్ పార్క్' అని, 1936 ఏప్రిల్ 9 అని చెక్కి ఉంటుంది. స్వతంత్రం వచ్చాక తోట పేరు మార్చారుగానీ రాయిని అలాగే వదిలేశారు. ఢిల్లీలో ఉన్న మొదటి రెండేళ్లలో నేను ఆ తోటకి ఎన్ని ఆదివారాలు వెళ్లుంటానో లెక్క లేదు, ఆ గేటు వైపు మాత్రం ఎప్పుడూ పోలేదు. ఓసారి మాటల్లో పడి అటు వచ్చి, తేదీ చదివి, ఇంటికెళ్లాక ఆ లేడీ ఎవరా అని వెతికాను. అప్పటి వైస్రాయ్ భార్య. ఆవిడ సంగతి అంతటితో అయిపోయింది. కానీ ఆవిడ పేరు పక్కనే ఇంకో పేరు కనపడింది: ఖైర్‌పూర్. తోట వేయకముందు అక్కడున్న ఊరు. ఊరివాళ్లని వేరే చోటికి పంపేసి, సమాధుల చుట్టూ పచ్చిక పరిచారు.

ఖైర్‌పూర్‌కి సాధారణంగా దక్కేది ఆ ఒక్క వాక్యమే. అదీ కర్మణి ప్రయోగంలో: గ్రామం తరలించబడింది. ఎన్ని గడపలు, ఎవరి చావడి, ఎవరి గొడ్లు, వెళ్తూ వెళ్తూ ఏం మోసుకెళ్లారు, ఇవేవీ ఆ వాక్యంలో పట్టవు. తర్వాతి వాక్యానికి వచ్చేసరికి గులాబీలు మొదలైపోతాయి.

ముందే చెప్పేస్తున్నాను, ఇది తెలిశాక నేను లోధీ గార్డెన్‌కి వెళ్లడం మానలేదు. మానడం కష్టం కూడా. దాదాపు 90 ఎకరాలు, టికెట్ లేదు. జనవరిలో పొగమంచు విడిపోయి పదకొండింటికి ఎండ వచ్చినప్పుడు ఢిల్లీలో ఉన్నవాళ్ల ముఖాలు చూడాలి, అందరికీ ఒకేసారి జీతం పడినట్టుంటాయి. పచ్చిక మీద దుప్పట్లు, కమలాపండ్ల తొక్కలు, వేయించిన పల్లీలు. ఎవరి పక్కన వాళ్లు వెల్లకిలా పడుకుని ఉంటారు. మధ్యలో 1444 ప్రాంతంలో కట్టిన మహమ్మద్ షా సమాధి, ఎనిమిది మూలలది. అటు చివర గోడల మధ్య సికందర్ లోధీది. నడిమిన బడా గుంబద్, దాని పక్కన 1494 నాటి మసీదు. బడా గుంబద్ లోపల సమాధే లేదు. ఎదురుగా ఉన్న శీష్ గుంబద్ లోపల సమాధులున్నాయిగానీ ఎవరివో రాసి లేదు. ఖాళీ గోరీ ఒకటి, పేరు లేని గోరీలున్నది ఇంకొకటి. వాటి గూళ్లలో ఇల్లూ హాస్టలూ లేని ప్రేమ జంటలు. చావు పక్కన ఇంత హాయిగా కూర్చోగలిగే చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఇంకో సంగతి. ఇప్పుడు మనం నడిచే దారులు, నీళ్లు, చెట్ల వరసలు చాలామటుకు విల్లింగ్డన్ కాలం నాటివి కూడా కావు. 1968లో జోసెఫ్ స్టైన్, గారెట్ ఎక్బో అనే ఇద్దరు అమెరికన్లు తోటని మళ్లీ తీర్చిదిద్దారు. పక్కనే ఉన్న ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్ కట్టింది కూడా స్టైనే. ఆ చుట్టుపక్కల ఆయన కట్టినవి ఎన్నున్నాయంటే ఆ ప్రాంతాన్ని సరదాగా 'స్టైనాబాద్' అంటారు. అంటే పదిహేనో శతాబ్దపు గోరీల మధ్య, వైస్రాయ్ భార్య కోసం ఖాళీ చేయించిన ఊరి మీద, కాలిఫోర్నియా చేతులు పడ్డ పచ్చిక. అందులో మనం ఆవకాయ కలిపిన అన్నం డబ్బా విప్పుకుని కూర్చుంటాం.

ఖైర్‌పూర్ సంగతి నా ఫ్రెండ్‌తో చెబితే నవ్వాడు. సివిల్స్‌కి చదువుతూ కరోల్ బాగ్‌లో ఉండేవాడు. "ఈ లెక్కన ఎక్కడా అడుగు పెట్టకూడదు. ప్రతి నేలా ఎవరో ఒకరిదే కదా, ఎప్పుడో ఒకప్పుడు," అన్నాడు. వాడు చెప్పిందాంట్లో తప్పు లేదు. వాడు చెప్పినదానికన్నా ఎక్కువే నిజం. కనాట్ ప్లేస్ కట్టడానికి మాధోగంజ్, జైసింగ్‌పురా, రాజా కా బాజార్ లాంటి ఊళ్లని ఎత్తేసినప్పుడు అక్కడివాళ్లని పంపింది కరోల్ బాగ్‌కే. అప్పుడది రాళ్లూ తుప్పలూ. మావాడు పాలిటీ పుస్తకం ముందేసుకుని కూర్చున్న రూము, అలా వెళ్లగొట్టబడ్డవాళ్లు వచ్చిపడ్డ నేల మీదే ఉంది. 1911 డిసెంబరు 12న దర్బారులో రాజధాని మారుస్తున్నామని ప్రకటించాక రైసీనా, మాల్చా లాంటి ఊళ్ల పొలాలు 1894 నాటి భూసేకరణ చట్టం కింద పోయాయి. రాష్ట్రపతి భవన్ తోట చూడటానికి ఫిబ్రవరిలో మనం లైన్లో నిలబడేది ఆ పొలాల వైపే. రాజధాని కోసం పొలం ఇవ్వడమంటే ఏమిటో తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటాను.

సరే, అన్ని నేలలూ ఎవరో ఒకరివే. మరి తోట దగ్గరే ఎందుకు ఆగాలి? అదే రోడ్డు కిందా, అదే సచివాలయం కిందా ఊళ్లున్నాయి కదా?

నాకు తట్టిన జవాబు తెలుగు మాటలోంచి వచ్చింది. మనకి తోట అంటే ఏదో ఒకటి పండేది. మామిడితోట, నిమ్మతోట, అరటితోట. దానికో యజమాని, ఓ కాపలావాడు, నీళ్లు కట్టేవాళ్లు, కోతకొచ్చేవాళ్లు. తోటలో ఎవరూ లేకపోతే ఏదో అయిందని అర్థం. పార్కు వేరు. పార్కులో పనిచేసేవాళ్లు కనపడకూడదు. అందుకే మాలీలు తెల్లారకుండా వస్తారు, ఊడ్చేవాళ్లు మనం లేచేలోపు ఊడ్చేస్తారు. 'ఉద్యానవనం' అనేది బోర్డుల మీద మాట, ఇంట్లో ఎవరూ అనరు. మనం అనేది పార్కనే, ఇంగ్లిష్ మాటనే. ఆ వస్తువు మనది కాదని మన నోటికి తెలుసేమో. ఖాళీగా ఉండటమే దాని అందం. ఎవరూ బతకని చోటు, అందరూ తిరిగే చోటు.

తాజ్‌మహల్ అనగానే దాన్ని కట్టిన కూలీల గురించి అడగడం శ్రీశ్రీ మనకి అలవాటు చేశాడు. అంతకు చాలా ముందే, 1790లో, కాంట్ ఈ ప్రశ్నని తన సౌందర్య విచారంలో మొదట్లోనే పక్కన పెట్టాడు. ఓ రాజభవనం అందంగా ఉందా అని అడిగితే, గొప్పవాళ్లు జనం చెమటని ఇలాంటివాటి మీద తగలేశారని రూసో లాగా తిట్టొచ్చు, ఆ తిట్టు సబబే కావచ్చు, కానీ నేనడిగింది అది కాదు కదా అంటాడు. చూస్తే నచ్చిందా లేదా, అంతే. భవనం విషయంలో ఈ వాదన కొంత నిలుస్తుంది. చెమట వేరు, గోడ వేరు. గోడని చూస్తూ చెమటని మరిచిపోవచ్చు. కానీ ఊరిని తీసేసి వేసిన పార్కులో ఆ విడదీయడం కుదరదు. అక్కడ మనకి నచ్చేదే ఆ నిశ్శబ్దం, ఆ ఖాళీ. బడా గుంబద్‌కి దూరంగా నిలబడితే మధ్యలో ఏ అడ్డూ లేకుండా మొత్తం కనపడటం. ఆ అడ్డు పేరు ఖైర్‌పూర్. నచ్చింది అన్నప్పుడల్లా, అది లేకపోవడం నచ్చింది అంటున్నాను.

ఇంతవరకూ ఇది పుస్తకాల సంగతి. ఓ మధ్యాహ్నం అలా కాకుండా పోయింది.

ఢిల్లీలోనే వేరే పార్కు, ఏదైతేనేం. మే నెల. నీడ వెతుక్కుని, చాప పరుచుకుని చదువుకుంటున్నాను. పది గజాల దూరంలో మొక్కలకి నీళ్లు పెట్టే ట్యాపు. బయట కడుతున్న బిల్డింగులో పని చేసే ఆవిడ కాబోలు, ఇద్దరు పిల్లల్ని తెచ్చుకుని ఆ ట్యాపు దగ్గర బట్టలుతుకుతోంది. ఉతికినవి పొట్టి గోరింట కంచె మీద ఆరేస్తోంది. సబ్బు నీళ్లు పల్లంలోకి, అంటే నా చాప వైపుకి, పాక్కుంటూ వస్తున్నాయి. గార్డు అటుగా పోతుంటే, "భయ్యా, ఆ ట్యాపు దగ్గర కొంచెం చూడండి," అన్నాను. మెల్లగా, మర్యాదగా.

అతను విజిల్ ఊదాడు. ఆవిడ ఎదురు మాట్లాడలేదు. నావైపు చూసిందని చెబితే కథకి బాగుంటుంది, కానీ చూడలేదు. సగం ఉతికినవీ సగం ఆరినవీ అన్నీ కలిపి పెయింటు డబ్బాలో కుక్కింది. చిన్నవాడికి తల రుద్దుతూ మధ్యలో ఆపేసినట్టుంది, నెత్తి మీద నురగ అలాగే ఉంది. ఆ నురగతోనే నడుచుకుంటూ గేటు దాటాడు. నేను మళ్లీ చదువుకున్నాను. బాగానే చదువుకున్నాను, అదే ఇప్పుడు ఇబ్బంది పెట్టేది.

నా దగ్గర కారణాలు లేకపోలేదు. బట్టలుతకరాదు అని బోర్డుంది. ఆ నీళ్లు మొక్కల కోసం. అందరూ అలా చేస్తే? ఒక్కొక్కటీ సరైన కారణమే. 1936లో కూడా ఇలాంటివే ఉండుంటాయి. కట్టడాలు కాపాడాలి, శుభ్రత ఉండాలి, నగర ప్రజలకి గాలి కావాలి. కారణాలని విడిగా పేర్చుకుంటూ పోతే ఎక్కడా తప్పు దొరకదు. నాకనిపించేదేమంటే, పార్కు మనకి ఒక చూపు నేర్పుతుంది. ఇన్ని ఆదివారాలు ఖాళీని చూసి చూసి, ఖాళీలో ఎవరైనా నిజంగా బతకబోతే, అంటే ఉతకబోతే, వండబోతే, స్నానం చేయించబోతే, మరక పడ్డట్టు కనపడుతుంది. నిద్రపోయే మధ్యతరగతివాడు ఎండ కాచుకుంటున్నాడు. నిద్రపోయే కూలీ తాగి పడున్నాడు. చూపు ముందే తేల్చేస్తుంది, గార్డు తర్వాత వస్తాడు.

ఈ విజిల్ మనకి తెలియనిది కూడా కాదు. 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు గేటుకి పెళ్లికాని జంటలకి ప్రవేశం లేదని బ్యానర్ కట్టారు. గోల అయ్యాక తీసేశారు. ఆ రోజుల్లో నేనూ పోస్టు పెట్టాను, పబ్లిక్ స్థలం ఎవడబ్బ సొత్తు అని. గూళ్లలో కూర్చునే జంటలకోసం అంత ఆవేశపడినవాళ్లం, ట్యాపు దగ్గరి మనిషి విషయంలో గార్డు వైపు నిలబడతాం. మనల్ని ఎవరైనా తరిమితే అది హక్కుల ప్రశ్న. మనం తరిమిస్తే అది మెయింటెనెన్స్.

తర్వాత కొన్నాళ్లకి కోట్లా ముబారక్‌పూర్ వెళ్లాను. అసలు ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడే.

లోధీ గార్డెన్‌లో ఉన్న మహమ్మద్ షా సయ్యద్ వంశం సుల్తాను. అతనికి ముందు గద్దె మీదున్నవాడు ముబారక్ షా, తండ్రి తోడబుట్టినవాడు. 1434లో హత్యకి గురయ్యాడు. అతని సమాధి కూడా ఎనిమిది మూలలదే, చుట్టూ వరండా, పైన చిన్న చిన్న ఛత్రీలు. రెండు సమాధులకీ మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లు. ఒకే కుటుంబం, ఒకే తరహా కట్టడం, పదేళ్ల తేడా. ఒకదాని చుట్టూ ఊరిని తీసేశారు. రెండోదాని చుట్టూ ఊరు ఉండిపోయింది.

సౌత్ ఎక్స్‌టెన్షన్ మెయిన్ రోడ్డు మీద పెళ్లి లెహంగాల షోరూములు దాటి లోపలికి తిరిగితే సందులు మొదలవుతాయి. మ్యాపు చూపిస్తున్న చోటే నిలబడి కూడా సమాధి కనపడక రెండు చుట్లు తిరిగాను. ఓ గుమ్మంలో మంచం మీద కూర్చున్న ముసలావిడ "ఎవరి కోసం బేటా?" అంది. ముబారక్ షా అని చెబితే ఆ సందులో అలాంటివాళ్లెవరూ అద్దెకి లేరంది. గుంబద్ అన్నాక "అలా చెప్పు మరి" అని చెయ్యి చూపించింది. మలుపు తిరిగితే ఎదురుగా, మూడు నాలుగు అంతస్తుల ఇళ్ల మధ్య బిగుసుకుపోయి, ఉంది. తల పూర్తిగా ఎత్తితేగానీ గుమ్మటం కనపడదు. ఫొటోలో మొత్తం పట్టదు, ఎంత వెనక్కి జరిగినా ఎవరిదో ఒకరి గోడ తగులుతుంది. బాల్కనీల్లో బట్టలు, నెత్తిమీద కరెంటు తీగలు, కటకటాల పక్కన పిల్లల క్రికెట్. అరుగు మీద ఒకాయన పేపరు చదువుతున్నాడు.

ఇది చూసి ఆహా, ఇదే కదా బతుకుతున్న చరిత్ర అని రాసేయడం తేలిక. ఢిల్లీ మీద వచ్చే ఇన్‌స్టా పేజీల్లో అలాంటివి రోజూ చూస్తాం. నాకు అలా అనిపించలేదు. ఊపిరాడనట్టుంది. నెమ్ముకొట్టిన గోడ చూస్తే బాధేసింది. ఆ ఇళ్లల్లో వెలుతురెంత వస్తుందో, ఆ సందులో మంటలు లేస్తే ఫైరింజను ఎలా వస్తుందో ఆలోచించాను. ఇరవై నిమిషాల్లో వచ్చేశాను. మరుసటి ఆదివారం లోధీ గార్డెన్‌కే వెళ్లాను, కోట్లాకి కాదు. రెండు సమాధుల్లో ఏది బాగా దక్కిందని అడిగితే నిజాయితీగా చెప్పాల్సింది తోటలోదే. ఖైర్‌పూర్ ఉండుంటే శీష్ గుంబద్ గోడ మీద ఆ నాలుగు నీలం పలకలైనా మిగిలుండేవా అంటే, ఏమో, ఉండకపోయేవేమో. ఈ వాదనని నేను కొట్టిపారేయలేను. కొట్టిపారేసేవాళ్లు గోడల్ని ప్రేమించి ఎరగరు.

కానీ కోట్లాలో ఒకటి గమనించాను. అక్కడ సమాధే అద్దెకున్నట్టుంది, ఊరు ఇంటి యజమాని. ముసలావిడకి సుల్తాను పేరు తెలియదు, గుంబద్ మాత్రం చెయ్యెత్తి చూపించేంత దగ్గర. నాకు పేరూ తారీఖూ అన్నీ తెలుసు, ఆవిడ చెయ్యి లేకపోతే కనుక్కోలేకపోయాను. లోధీ గార్డెన్‌లో నన్నెవరూ "ఎవరి కోసం?" అని అడగలేదు. అడగడానికి అక్కడెవరూ ఉండరు.

పార్కుకీ ఊరికీ మధ్య గీత శాశ్వతం కాదని కూడా ఢిల్లీయే చూపించింది. హుమాయూన్ సమాధి చుట్టూ ఉన్న చార్‌బాగ్‌ని ఇప్పుడు చూస్తే గీసిన గీతలా ఉంటుంది. కాలువలు బాగుచేసి, నీళ్లు మళ్లీ పారించి, 2003 నాటికి ఆ తోటని తిరిగి నిలబెట్టారు. అదే తోటలో 1947లో వేలమంది శరణార్థులు డేరాలు వేసుకుని బతికారు. పక్కనున్న పురానా ఖిలాలో కూడా. పాకిస్తాన్ వెళ్లే రైలు కోసం ఎదురుచూసేవాళ్లు, ఢిల్లీలోనే ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు. అక్కడే వండుకున్నారు, ఉతుక్కున్నారు, పిల్లల్ని కన్నారు. అంతకు తొంభై ఏళ్ల ముందు, 1857లో, బహదూర్ షా జఫర్ దాక్కుని దొరికిపోయింది కూడా ఆ సమాధిలోనే. ఇంకెక్కడా దిక్కు లేనప్పుడు పాదుషా అయినా కాందిశీకుడైనా వచ్చి చేరింది తోటలోకే. బోర్డులు అప్పుడు లేవనుకుంటాను, లేదా ఉన్నా ఎవరూ చదవలేదు.

నేరం చేసినట్టు ఫీలవడం వల్ల ఒరిగేదేమీ లేదని నా ఫ్రెండ్ అంటాడు. అక్కడ వాడితో ఏకీభవిస్తాను. ఖైర్‌పూర్ మీద ఆదివారంపూట దిగులుపడటం కూడా ఒక రకం షికారే, ఎండ లాగే అదీ హాయిగానే ఉంటుంది. 1936 నాటి మనుషులకి నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. ట్యాపు దగ్గరి మనిషికి ఉండేది. అడిగింది కూడా పెద్దదేం కాదు, చాప ఓ రెండు గజాలు జరుపుకుంటే సరిపోయేది.

పోయిన శీతాకాలం లోధీ గార్డెన్‌లో, శీష్ గుంబద్‌కి కొంచెం అవతల, రెండు చెట్ల మధ్య చీర కట్టి ఊయలలో పసిబిడ్డని పడుకోబెట్టారు. కాలిబాట రాళ్లు మార్చే పని జరుగుతోంది, తల్లి అక్కడ తట్ట మోస్తోంది. దారిలో పిల్ల చెప్పులు, ఓ టిఫిను, నీళ్ల బాటిలు. పొద్దున్నే పరిగెత్తే ఒకాయన ఆ సామాను దగ్గర తడబడి, ఆగి, చెవిలోంచి ఇయర్‌బడ్ తీసి నన్నడిగాడు, ఇక్కడ గార్డెవరైనా కనపడ్డారా అని. గార్డు గుంబద్ మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను లేదన్నాను. ఆయన ఇంకాసేపు చుట్టూ చూసి, వాచీ చూసుకుని, పరుగందుకున్నాడు. నేను వెళ్లి ఆ చెప్పుల్నీ టిఫిన్నీ దారిలోంచి తీసి చెట్టు మొదట్లో పెట్టాను. తల్లి తట్ట దించి నావైపు అనుమానంగా చూసింది. హిందీలో ఏదో చెప్పబోయాను. ఆవిడ అప్పటికే వచ్చేసి, సామానంతా ఊయల కిందకి లాగేసుకుంది.